గాబరా అంటే భయం కాదు

“మీ కాయిదం అబద్ధమాడుతున్నది మేడం.”

ఈ మాట అన్నవాడు రత్నాకర్. గల్ఫులో, మఫ్రఖ్ అనే చోట కార్మికుల క్యాంపు క్లినిక్‌లో, మంచంమీద వెల్లకిలా పడుకొని, ఛాతీకి అంటించిన తీగలు ఇంకా తీయకముందే అన్నాడు. విన్నది అమూల్య. గుండె నడకను గీతలుగా గీసే యంత్రంనుండి అప్పుడే వెలువడిన గులాబిరంగు కాగితం ఆమె చేతిలో ఉన్నది. దానిమీద గీతలన్నీ ఒకే ఎడంతో, ఒకే ఎత్తుతో, పాఠం అప్పజెప్పే బుద్ధిమంతుని వలె నిలిచి ఉన్నవి.

నాలుగేళ్లుగా ఆమె ఈసీజీలు తీస్తున్నది. యంత్రాన్ని అబద్ధాలకోరు అన్నవాడు ఇంతవరకు ఎదురుపడలేదు.

“యంత్రానికి మీమీద పగేమీ లేదండి. నిమిషానికి డెబ్బై నాలుగు. అంతా నార్మలే. ఈ నెలలో మూడోసారి వచ్చారు, మూడుసార్లూ ఇదే.”

“ఇప్పుడు నార్మలే. అప్పుడు కాదు.”

“అప్పుడంటే ఎప్పుడండి?”

“పైన స్కఫోల్డింగ్ మీద ఉన్నప్పుడు. మీరు మిషన్ పట్టుకొని ఆడికి రావాలె మరి.”

“ఎనిమిదో అంతస్తుకు నిచ్చెన ఎక్కి రమ్మంటారా?”

“నేను పట్టుకుంట తియ్యి మేడం, పడనియ్య.”

మరొక వేళ అయితే ఆమె నవ్వేదే. వరండాలో ఇంకా ముప్పైమంది నిరీక్షిస్తున్నారు. సెప్టెంబరు ఎండ తలుపు సందులోంచి లోపలికి దూరుతున్నది. ఆమె మొగం చిట్లించుకొని, నియమం ప్రకారం అడగవలసిన ప్రశ్న అడిగింది: అసలు ఏమవుతుంది?

“గుండెల గాబరా అయితది మేడం. ఒక్కసారే షురువైతది, ఒక్కసారే బందైతది.”

క్యాంపు వైద్యునికి అరబ్బీ, ఇంగ్లీషు తప్ప రావు. తెలుగువాడు వస్తే మాట మార్చి చెప్పవలసిన బరువు అమూల్యదే. అది ఆమె ఉద్యోగపత్రంలో లేదు. అయినా ఎవరూ వద్దనలేదు. ఆమెది రాజోలు. ఆ సీమలో తీర్థంలో పిల్లవాడు తప్పిపోతే తల్లి పడేది గాబరా. పరీక్షకు వేళ మించిపోతే కలిగేది గాబరా. అందుచేత ఆమె ఏ సందేహమూ లేక, ఎత్తుమీద ఉన్నప్పుడు ఇతనికి హఠాత్తుగా భయం పుడుతుందట అని ఇంగ్లీషులో చెప్పింది. వైద్యుడు తల ఊపి, రెండు పంక్తులు టైపు చేసి, తరువాతివానిని పిలిచాడు.

స్వరం ఒక్కటి తప్పితే మంత్రం యజ్ఞం చేయించినవానినే కొడుతుందని వేదం చదువుకున్నవారు చెబుతారు. అక్కడ తప్పినది స్వరం కాదు, పదం. దెబ్బ తిన్నవాడు మాత్రం ఆ పదాన్ని నమ్మి పలికినవాడే.

*

నాలుగవనాటికి ఆ రెండు పంక్తులు సేఫ్టీ ఆఫీసుకు చేరినవి. మరునాడు ఉదయం హాజరు వేళ ఫోర్‌మన్ రత్నాకర్ నడుమునుండి సేఫ్టీ బెల్టు విప్పించి, ఎత్తుపని ఇక లేదని, గోదాములో పైపులు మోయుమని చెప్పాడు. కారణం అడిగితే, నలుగురిలో నవ్వుతూ చెప్పాడు: డర్‌పోక్.

తొమ్మిదేళ్లు రత్నాకర్ ఆకాశంలో పని చేశాడు. జగిత్యాల పక్క తన పల్లెనుండి వచ్చిన పిల్లలెందరికో క్లాంపు బిగించడం నేర్పినవాడు. గాలి వీచే వేళ ఎక్కడ కాలు పెట్టాలో, ఎక్కడ పెట్టరాదో చెప్పినవాడు. అతనిని పిరికివాడనడం ఎంత అన్యాయం. పైగా నోటితో అన్న మాట గాలికి పోతుంది, కాగితంమీది మాట పోదు. ఎత్తుకు భయపడువాడని ఒకసారి నమోదైతే ఈ దేశంలో ఏ కంపెనీ వానిని నిచ్చెన ఎక్కనీయదు. పదిహేను దినాలలో ఇందుకు భిన్నమైన వైద్య నివేదిక తేకుంటే వీసా రద్దని ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, వద్దనుండి కబురు వచ్చింది. రోగమేమో ఛాతీలోనే ఉన్నది. పేరు మాత్రం పిరికితనమని పడ్డది.

అతడు సాయంకాలం నేరుగా క్లినిక్‌కు వచ్చాడు. వెంట, గదిలోనూ పనిలోనూ సహవాసి అయిన హన్మాండ్లు కూడ ఉన్నాడు.

“నేను భయపడ్డ అని ఎవలు రాసిండ్రు?”

అమూల్య తలెత్తింది. మీరు చెప్పిందే డాక్టరు రాశారని, నోటితో చెప్పి ఇప్పుడు కోప్పడితే ఎలా అని అడిగింది.

“నేను భయం అన్ననా? నా నోట భయం అన్న ముచ్చట వచ్చిందా?”

“గాబరా అన్నారు కదండీ.”

“అన్న.”

“గాబరా అంటే భయం కాదా?”

రత్నాకర్ ఆమె మొగంలోకి చూశాడు. కోపం ఎటు పోయిందో, ఆ చోట కేవలం ఆశ్చర్యం మిగిలింది.

“మీ దిక్కు భయమేమో. మా దిక్కు గాబరా అంటే గుండె గుర్రంలెక్క ఉర్కుడు. ఊపిరి సాలకపోవుడు. భయమైతే భయమనే అంటం మేడం, మాకు గా మాట లేక కాదు.”

 అమూల్యకు, తాను నాలుగేళ్లలో ఎందరి గాబరాను భయంగా మార్చి ఉంటుందో ఒక్కసారిగా కళ్లముందు నిలిచింది.

ఆమె వెంటనే లేచి లోపలికి వెళ్లింది. క్లినిక్ సూపర్వైజరుతో, తర్జుమా తప్పు తనదేనని, నివేదిక దిద్దాలని చెప్పింది. ఆయన తాపీగా, మూసిన ఫైలు మూసినట్టేనని, తర్జుమా చేయడం ఆమె పనే కాదని, చేయుమని ఎవరన్నారని అడిగాడు. ఆ ప్రశ్న విన్నాక అమూల్యకు తన తప్పుమీది సిగ్గు కూడ ఆగ్రహమైపోయింది. పని గడిచినన్నాళ్లు నేను దుబాసీని, పని చెడిన నాడు నేను ఉత్త మిషన్ పిల్లనా అని అడిగింది. మాట పొరబడినందుకు కాదు, తప్పు తెలిసీ దిద్దనందుకు పాపం అంటుకుంటుందని కూడ చెప్పింది. ఆయన గడియారం చూసుకున్నాడు.

ఆమె తెల్లకాగితం తీసుకొని, జరిగినది జరిగినట్టు రాసి, ఈ తప్పు నాది అని కింద సంతకం చేసింది. బయట నిలుచున్న రత్నాకర్‌కు దాని నకలు ఇచ్చింది.

“దీనితోని మీ నౌకరీ పోతది.”

“పోతే పోనివ్వండి. మీది నేను తీసినట్టయింది, నాది నేనే తీసుకుంటాను.”

“ఇద్దరి నౌకరీ పోతే ఏం ఫాయిదా మేడం? లెక్క సరిపోయినట్టా?”

“వేళాకోళానికి ఇదా సమయం?”

“ఏడ్వమంటరా మరి?”

హన్మాండ్లు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అనవసరంగా దగ్గాడు.

*

క్లినిక్ నడిపే సంస్థకు నగరంలో పెద్ద ఆసుపత్రి ఉన్నది. అక్కడ గుండె వైద్యురాలు డాక్టర్ షహర్బాను. స్వస్థలం బీదరు. సెలవునాడు అమూల్య రత్నాకర్‌ను వెంటబెట్టుకొని ఆమె గది ముందు కూర్చున్నది. క్యాంపు వైద్యుని చీటీ లేదని రిసెప్షన్‌లో రెండు పర్యాయాలు వెనుకకు పంపారు. మూడవ పర్యాయం అమూల్య తన సంతకం ఉన్న కాగితాన్నే చీటీగా లోపలికి పంపింది.

షహర్బాను అది చదివి, రత్నాకర్‌ను ఒక్క మాట అడిగింది. అతడు హిందీలో, సీనేమే ఘబ్రాహట్ హోతా హై మేడం అన్నాడు. ఆమె చేయి అప్రయత్నంగా తన ఛాతీమీదికే పోయింది. ఈ మాట అర్థం కావడానికి నిఘంటువు కావాలా అని అమూల్యవైపు తిరిగి తీవ్రంగా చూసింది. తరువాత తగ్గి, నీవు తర్జుమా చేయకుండా మాటను ఉన్నదున్నట్టు పంపినా ఎక్కడో ఒకచోట ఎవరికో అర్థమయ్యేది అన్నది. ఆ మాటలో ఉన్న న్యాయం అమూల్యను మరింత గుచ్చింది.

గాబరా కాగానే ఏం చేస్తావని డాక్టరు అడిగినప్పుడు అసలు సంగతి బయటపడ్డది. ఏం చేయనక్కర లేదు, హన్మాండ్లే చేస్తాడు. డ్రమ్ములోని మంచునీళ్లు మగ్గుతో తెచ్చి మొగంమీద దబ్బున కొడతాడు. అంతటితో ఆగిపోతుంది. అప్పుడు నడిపించుకొని క్లినిక్‌కు తెస్తాడు.

షహర్బాను కుర్చీలో వెనుకకు వాలి నవ్వింది. చన్నీళ్లు మొగాన పడితే ఒక నరం గుండెకు కళ్లెం వేస్తుందని, ఉరికే గుండె కొన్ని సందర్భాలలో అక్కడికక్కడే ఆగి దారికి వస్తుందని వివరించింది. హన్మాండ్లు దొంగను పట్టుకొని, కట్లు విప్పి పంపివేసి, తరువాత పోలీసులను పిలుస్తున్నాడు. ఈసీజీలో దొంగ ఎలా కనబడతాడు?

అందుకు ఉపాయం కూడ ఆమెయే చెప్పింది. రెండు దినాలు ఒంటిమీదనే ఉంచుకొనే చిన్న యంత్రం ఉన్నది. ప్రతి గుండె చప్పుడునూ అది రాసుకుంటుంది. రోగి మాత్రం ఒక పుస్తకంలో వేళను, అప్పుడేం చేస్తున్నాడో, ఏమనిపించిందో రాసుకోవాలి. ఆ రెండు దినాలు హన్మాండ్లు పక్కనే ఉండి, గాబరా కాగానే ఐదు నిమిషాలు నీళ్లు పట్టకుండా ఆగాలి. కళ్లు తిరిగితే మాత్రం వెంటనే ఆసుపత్రికి తేవాలి.

ఛాతీమీద తీగలు అంటించినది అమూల్యే. గతంలో మూడుసార్లు చేసిన పనే. ఈసారి ఎందుకో ఇద్దరూ గోడవైపే చూశారు.

“ఏది జరిగితే అదే రాయండి. ఒక్క ముక్క దాచొద్దు.”

“అన్నీ రాయాల్నా?”

“అన్నీనూ.”

“మా భాషల రాస్త. మళ్ల మీరే చదువుతరు గద, భయం గియం అని చదవద్దు.”

“ఆ ఒక్క మాటా పట్టుకుని నన్ను జన్మంతా దెప్పుతారా ఏంటండి?”

“జన్మంత అంటే నాకు మంచిదే.”

ఆమె అంటిస్తున్న టేపు అవసరానికి మించి గట్టిగా నొక్కింది. అతడు అబ్బా అన్నాడు. కాని మొగంలో నొప్పి లేదు.

*

మూడవనాడు షహర్బాను గదిలో కంప్యూటరు తెరమీద రెండు దినాల గుండె నడక పరచుకొని ఉన్నది. రత్నాకర్ బల్ల ఇవతల, అమూల్య అతని పుస్తకంతో అవతల. ఈసారి ప్రతి మాటా ఉన్నదున్నట్టు చదివి, ఆపైన అర్థం చెప్పాలని డాక్టరు ఆజ్ఞ.

“సోమవారం, పొద్దుగాల పది నలభై. పైపు లేపి భుజంమీద పెట్టుకున్న. గాబరా అయింది. హన్మాండ్లు నీళ్ల మగ్గు పట్టుకొని ఏడుస్తున్నడు కాని పొయ్యలేదు.”

షహర్బాను ఆ వేళకు గీతలను జరిపింది. పది నలభైకి ముందు నిమిషానికి ఎనభై ఎనిమిది. మరు చప్పుడుకు నూట తొంభై ఆరు. మధ్యలో మెట్టు లేదు. నాలుగు నిమిషాల పాటు దువ్వెన పళ్లవలె దగ్గర దగ్గరగా గీతలు నిలిచి, ఒక్క క్షణంలో తిరిగి తొంభైకి పడినవి. ఒక్కసారే షురువైతది, ఒక్కసారే బందైతది. అతడు మొదటినుండి చెబుతూ వచ్చిన మాటను తెర అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది.

 రత్నాకర్ తెరవైపు చూస్తూ, తన కళ్లలో నీరు తిరగడం తానే గమనించలేదు. రోగం బయటపడినందుకు మనిషి సంతోషించవలసి రావడంకంటె సిగ్గుచేటు మరేమున్నది? ఆ సిగ్గు అతనిది కాదు, నమ్మనివారిది.

గుండెలో పుట్టుకతోనే ఒక అదనపు దారి ఉన్నదని, విద్యుత్తు ఆ దారిలో పడి గిరగిర తిరుగుతున్నదని, తొడ నరంగుండా సన్నని తీగ పంపి ఆ దారిని మూసివేయవచ్చునని షహర్బాను చెప్పింది. తరువాత తెర జరుపుతూ, ఇది ఏమిటి అన్నది. సోమవారం సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలు. నూట పద్దెనిమిది. కాని ఇది నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగింది. ఆ వేళకు పుస్తకంలో ఏముందో చదవుమన్నది.

అమూల్య పుట తిప్పింది. కళ్లు పంక్తిమీద పడినవి. పుస్తకం మూయబోయింది.

“చదువమ్మా.”

“ఏమీ లేదు డాక్టర్. నడిచాడట.”

“ఉన్నదున్నట్టు చదువు. ఒకసారి తర్జుమా చేసి చూశావుగా.”

ఆమె చెవులు ఎర్రబడినవి. పుస్తకాన్ని మొగానికి అడ్డం పెట్టుకొని, పరీక్షలో తప్పిన మార్కులు చదివే గొంతుతో చదివింది.

“క్లినిక్ ముందట అమూల్య మేడం బస్సెక్కుతుంటే చూసిన. చేతిల సంచి జారితే తనే తిట్టుకున్నది. గుండె జర ఉరికింది. ఇది గాబరా కాదు. మంచిగనే ఉన్నది. దీనికి మందు వద్దు.”

షహర్బాను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నది. ఈ రెండవదానికి తన శాస్త్రంలో చికిత్స లేదని, మొదటిదానికి మాత్రం ఆదివారం తరువాత తేదీ ఇస్తానని చెప్పింది.

వరండాలోకి రాగానే అమూల్య అతనికి అడ్డంగా నిలిచింది.

“డాక్టరు గారి ముందు నా చేతే చదివిస్తారా?”

“అన్నీ రాయమన్నది మీరే గద.”

“నాకు చెప్పాల్సింది నాకు చెప్పాలండి. కాయితానికి కాదు.”

“నా నోటిమాట ఎవలు నమ్మిండ్రు మేడం? మీరు నమ్మిండ్రా? కాయిదమైతే నమ్ముతరని రాసిన.”

ఆ మాట పరిహాసంగానే అన్నాడు. కాని ఆమె ముల్లు తొక్కినట్టు ఆగిపోయింది. నెమ్మదిగా, మూడుసార్లు మీ మాట నమ్మనందుకు క్షమించండి అన్నది. తరువాత, మీవైపే చూస్తూ బస్సు ఎక్కబోయానండి, అందుకే సంచి జారింది అన్నది. అతనికి అర్థమయ్యేలోగా ఆమె లిఫ్టులోకి దూరింది, తలుపు మూసుకున్నది.

*

ఆ అదనపు దారిని మూడు గంటల పనిలో మూసివేశారు. షహర్బాను నివేదిక అందాక వీసా రద్దు మాట వెనుకకు పోయింది. నెలన్నరకు రత్నాకర్ ఎత్తుపనికి యోగ్యుడని తేలింది. ఫోర్‌మన్ బెల్టు చేతికిస్తూ, సబ్ ఖలాస్, యల్లా, పద ఎక్కు అన్నాడు. రత్నాకర్ బెల్టు కట్టుకోలేదు. పాత ఫైలులో భయమన్న మాట కొట్టివేసేదాకా నేలమీదనే ఉంటానన్నాడు. అంత చిన్న మాటకు ఇంత పట్టుదలా అని ముదీర్ విసుక్కున్నాడు. చిన్న మాటే అయితే కొట్టివేయడానికి మీకింత కష్టమెందుకని రత్నాకర్ అడిగాడు. రెండు దినాలకు క్యాంపు వైద్యుడే స్వయంగా దిద్ది సంతకం చేశాడు. సూపర్వైజరు అమూల్యకు తాఖీదు ఇచ్చి ఊరుకున్నాడు. షహర్బాను ఆమెను నగరంలోని ఆసుపత్రికి పిలిపించుకున్నది.

ఇక మిగిలినది పేరమ్మ.

పేరమ్మ అమూల్యకు పిన్ని. ఇరవై రెండేళ్లుగా దుబాయ్‌లో ఇళ్లలో పని చేస్తున్నది. అమూల్యను చదివించినది ఆమే. పెళ్లికి సరే అనవలసినదీ ఆమే. అక్కడి సత్వా పేటలో నలుగురు ఆడవారు కలిసి ఉండే ఫ్లాటులో ఆమె వాటాకు వచ్చినది ఒక మంచం, ఒక కిటికీ. ఆదివారం మధ్యాహ్నం రత్నాకర్ అక్కడికి వచ్చి, ఉన్న ఒకే కుర్చీలో అంచున కూర్చున్నాడు. ఒడిలో ఆసుపత్రి ఫైలు ఉన్నది.

“గుండె జబ్బటగా అబ్బాయ్?”

“పిన్నీ, చెప్పానుగా, అది నయమైపోయిందని.” అమూల్య గొంతు అప్పటికే పైకి లేచింది. “ఒళ్లు బాగోలేకపోవడం నేరమా? మనిషిని చూడవా నువ్వు? తూకం వేసే సామానా ఆయన?”

“నువ్వు ఊరుకోవే. ఆయన్ని అడిగాను. ఏం బాబూ, మళ్లీ రాదు కదా?”

రాదు అంటే సరిపోయేది. అమూల్య కళ్లతో అదే చెప్పుమన్నది. రత్నాకర్ కొంచెం ఆలోచించాడు.

“నూటికి తొంభై ఐదుగురికి రాదంట అత్తమ్మా. ఐదుగురికి వస్తదంట. నేను ఏ దాంట్ల ఉన్ననో నాకు తెల్వది. వస్తే మళ్ల సూపెట్టుకుంట. రాదని ఒట్టు పెట్టలేను.”

అమూల్య నుదురు కొట్టుకున్నది. పేరమ్మ కిటికీవైపు తిరిగింది. కింద వీధిలో ఎవరో పరదా గుడ్డ కొలిపించుకుంటూ బేరమాడుతున్నారు. ఆమె మాట్లాడినప్పుడు గొంతులో పాతకాలపు మంట ఉన్నది.

“నా మొగుడికి మూర్ఛలు, బాబూ. దాచిపెట్టి తాళి కట్టాడు. పెళ్లయిన తొమ్మిదో రోజు గోదారి రేవులో పడ్డాడు, నేనే లాగాను. మూర్ఛ వచ్చినందుకు నాకు కోపం లేదు. చెప్పనందుకు ఇవాళ్టికీ ఉంది.”

రత్నాకర్ తొందరగా ఫైలు తెరచి, డాక్టరు సంతకమున్న పుటను తీసి ముందుకు జరిపాడు. ఏది కావాలన్నా చూసుకొమ్మని, అంతా ఇందులో రాసి ఉన్నదని చెప్పాడు.

పేరమ్మ ఆ ఫైలును రెండు వేళ్లతో మూసివేసింది.

“నాకు చదువు రాదు నాయనా. వచ్చినా చూడను. నువ్వు చెప్పావు, నేను నమ్మాను. అంతే.”

  తొమ్మిదేళ్లు ఎనభై అడుగుల ఎత్తున గాలికి చలించనివాడు ఆ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకొని తల వంచుకున్నాడు.

“ఏమైందండి?” అమూల్య వంగి మొగంలోకి చూసింది. “గాబరాగా ఉందా? నీళ్లు తేనా?”

“వద్దు,” అన్నాడు. “జరసేపు గిట్లనే ఉండనియ్యి అమూల్యా.”

మేడం అనలేదని ఆమెకు కొంత ఆలస్యంగా తెలిసింది. పేరమ్మ అప్పటికే ముగ్గురికి సరిపడా బియ్యం కడుగుతున్నది.